ఆ పాట పేరు రాయను

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వ్యాసం ఒక పాట గురించి. కానీ ఆ పాట పేరు గానీ, దాన్ని చేసినవాళ్ళ పేరు గానీ ఇందులో ఎక్కడా ఉండదు. అది మా అబ్బాయి పెట్టిన షరతు.

మా వాడు ఇప్పుడు టెన్త్. మీలో చాలామంది ఇళ్ళలో లాగే మా ఇంట్లో కూడా ఫ్రిజ్ తలుపు మీద టైమ్‌టేబుల్ అంటించి ఉంటుంది. ఐదున్నరకి లేవడం, స్టడీ అవర్స్, వీకెండ్ టెస్టు, సోమవారం ఫోన్‌కి మార్కుల మెసేజ్. వీటన్నిటి మధ్య వాడికి తనదంటూ మిగిలేది రాత్రి భోజనం తర్వాత ఒక అరగంట. గది తలుపు దగ్గరకి వేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వింటాడు. సినిమా పాటలు కాదు. డ్రమ్ అండ్ బేస్ అని, బ్రిటన్‌లో పుట్టిన ఒక రకం సంగీతం.

ఒక రకంగా అది నాకు కొత్త కాదు. మా వారి ఉద్యోగం వల్ల 2008 నుంచి 2013 దాకా మేము ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉన్నాం. మా వాడు పుట్టింది అక్కడే. ఒకదానికొకటి అతికించినట్టు వరసగా ఉండే ఇళ్ళలో మాదొకటి. పక్కింట్లో ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు అద్దెకి ఉండేవాళ్ళు. శుక్రవారం సాయంత్రం అయిందంటే చాలు, మా మధ్య గోడ మొదలుపెట్టేది. పాట వినపడేది కాదు. గోడ మాత్రం దుమ్ దుమ్ అని అదిరేది. వంటింటి అలమరలో మేం ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి. ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళి తలుపు కొట్టాను. పాపం మంచి పిల్లలే, సారీ చెప్పి తగ్గించారు. తమాషా ఏమిటంటే, శబ్దం తగ్గగానే మా పసివాడు లేచి ఏడుపు అందుకున్నాడు. వీడికి జోలపాట పాడింది నువ్వు కాదు, ఆ గోడ అని మా వారు ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు.

హైదరాబాద్ వచ్చాక అదంతా మర్చిపోయాం. రెండేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో అన్నయ్యతో కలిసి ‘ఫోర్జా హొరైజన్ 4’ అనే కార్ల ఆట ఆడాడు. ఆ ఆటలో బ్రిటన్ రోడ్ల మీద కారు తోలుతుంటే లోపల రేడియో మోగుతుంది. అందులో ఒక స్టేషన్ హాస్పిటల్ రికార్డ్స్ అనే లండన్ కంపెనీది, అంతా డ్రమ్ అండ్ బేస్. అక్కడ పట్టుకున్నాడు. ఇక వదల్లేదు.

మొదట్లో నాకు అది గోలే. కానీ ఏడాదిగా వాడు నాతో మాట్లాడేది మూడు ముక్కలే: ఆకలి లేదు, చదివేశాను, తెలుసమ్మా. ఆ పాటల దారిలోనైనా వాడి దగ్గరికి వెళ్ళొచ్చేమో అనిపించి ఒకరోజు వాడు లేనప్పుడు కూర్చుని విన్నాను. చిన్నప్పుడు విజయవాడలో ఆరేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. నాలుగు పాటలు వినేసరికి ఒకటి తట్టింది. డ్రమ్స్ నిమిషానికి సుమారు 170, 175 దెబ్బల వేగంతో పరుగెడుతుంటాయి. కింద బేస్ మాత్రం అందులో సగం వేగంతో, తొందర లేకుండా నడుస్తుంది. అంటే పైన రెండో కాలం, కింద మొదటి కాలం. రెండూ ఒకే తాళంలో. అందుకే తల పరుగెత్తమంటుంది, ఒళ్ళు మెల్లగా ఊగుతుంది.

రాత్రి వాడితో ఈ మాట అన్నాను. ఒక చెవి నుంచి హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశాడు. తర్వాత గంటసేపు మాట్లాడాడు. చివర్లో, ‘ఇది నీకు మాత్రమే’ అని ఒక పాట వినిపించాడు. చేసినవాళ్ళు పేరున్నవాళ్ళు కాదు. వాళ్ళకి ఉన్నది కొద్ది వేలమంది శ్రోతలే. తన ఫ్రెండ్స్‌లో కూడా ఎవరికీ తెలియదన్నాడు. నిజంగా మంచి పాట. నాకూ నచ్చింది.

తర్వాత నేను చేసిన పని ఇది. ఉగాదికి మా అపార్ట్‌మెంట్స్‌లో చిన్నపిల్లల డాన్స్ పెట్టారు. మా పాప కూడా అందులో ఉంది. రెండు సినిమా పాటల మధ్య ఊపుగా ఉండే ముక్క ఏదైనా కావాలని కమిటీ వాళ్ళు అడిగితే, నేను ఆ పాట ఇచ్చాను. అందులోంచి పదిహేను సెకన్లు కత్తిరించి వేశారు. పిల్లలు గంతులేశారు, అందరూ చప్పట్లు కొట్టారు, వీడియో గ్రూపులో పెట్టారు. మా వాడు మురిసిపోతాడని వెనక్కి తిరిగి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది.

పైకి వెళ్ళేసరికి లైటు తీసి పడుకున్నాడు. ‘ఏమైందిరా, నీ పాట అందరికీ నచ్చిందిగా’ అన్నాను. ‘అది నా పాట కాదమ్మా, తెలుసు. కానీ నీకు మాత్రమే వినిపించాను’ అన్నాడు. అంతే. మళ్ళీ ఆకలి లేదు, చదివేశాను, తెలుసమ్మా.

దాని మీద ఇంకొకటి. అదే వేసవిలో ఆ పాట చేసినవాళ్ళు నిజంగానే పెద్దవాళ్ళైపోయారు. పేరున్న పాప్ గాయనితో కొత్త పాట చేశారు, అది అందరి రీల్స్‌లోకీ ఎక్కింది. ఒకరోజు బట్టల షాపులో కూడా వినిపించింది. మా వాడు విన్న మరుక్షణం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ‘అమ్ముడుపోయారు’ అన్నాడు. పదిహేనేళ్ళ పిల్లాడి నోట ఆ మాట వింటే నవ్వొచ్చింది గానీ, వాడి మొహం చూసి ఆపుకున్నాను.

తప్పు చేశానని తెలుస్తోంది, ఆ తప్పు ఏమిటో అర్థం కాలేదు. అందుకని ఈ సంగీతం గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ తెలిసింది, మా వాడి కోపం వాడొక్కడిదే కాదని. ఈ సంగీతం ఎంత పాతదో ఆ కోపమూ అంత పాతదే.

ఇది 1990ల మొదట్లో లండన్, బ్రిస్టల్ లాంటి ఊళ్ళలో పుట్టింది. మొదట దీన్ని జంగిల్ అనేవాళ్ళు. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, వాళ్ళతో పెరిగిన తెల్ల పిల్లలు కలిసి చేసుకున్నది. పెద్ద రేడియోలు పట్టించుకోలేదు కాబట్టి లైసెన్సు లేని స్టేషన్లు నడిపారు. ఎత్తైన ఫ్లాట్ల మీద దొంగచాటుగా ఏరియల్ కట్టి ప్రసారం చేసేవాళ్ళు. అలా 1994లో మొదలైన రిన్స్ ఎఫ్ఎంకి లైసెన్సు వచ్చింది 2010లో. కొత్త ట్యూన్ తయారైతే దాన్ని డబ్‌ప్లేట్ అనే రికార్డు మీద ఒకటి రెండు కాపీలు చెక్కించి డీజేకి ఇచ్చేవాళ్ళు. అది బజారులోకి రావడానికి నెలలు పట్టేది, కొన్ని అసలు వచ్చేవే కావు. వినాలంటే ఆ రాత్రి, ఆ హాలుకి, పని మానుకునో బస్సు పట్టుకునో వెళ్ళాల్సిందే. అంటే అభిమాని అనేవాడు ఉత్తినే విన్నవాడు కాదు, వెళ్ళినవాడు. ఈ సంగతి అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

1994లో ఎం-బీట్, జనరల్ లెవీ చేసిన ‘ఇన్‌క్రెడిబుల్’ బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్ళింది. సంతోషించాలి కదా? జనరల్ లెవీ ఒక పత్రిక ఇంటర్వ్యూలో జంగిల్‌ని తానే నడిపిస్తున్నట్టు మాట్లాడాడని పెద్ద డీజేలు కొందరు ఆ పాటని వెలివేశారు. ఇవాళ అదే పాటని జంగిల్ ఆణిముత్యాల్లో లెక్కేస్తారు.

1995లో గోల్డీ ‘టైమ్‌లెస్’ ఆల్బమ్ పెద్ద కంపెనీ ద్వారా వచ్చి బ్రిటన్ చార్టులో ఏడో స్థానానికి చేరింది. గోల్డీ చిన్నతనమంతా అనాథ శరణాలయాల్లో, పెంపుడు ఇళ్ళలో గడిచింది. గోడల మీద బొమ్మలు వేస్తూ పైకి వచ్చినవాడు. 1997లో మా బ్రిస్టల్ వాడే, రోనీ సైజ్, తన బృందం రెప్రజెంట్‌తో కలిసి చేసిన ‘న్యూ ఫార్మ్స్’ ఆల్బమ్‌కి మెర్క్యురీ ప్రైజ్ గెలిచాడు. ఆ ఏడాది పోటీలో రేడియోహెడ్ ‘ఓకే కంప్యూటర్’ ఉంది, స్పైస్ గర్ల్స్ ఉన్నారు. ఈ రోనీ సైజ్‌ని పదహారేళ్ళకి బడి నుంచి పంపేశారు. పాటలు చేయడం నేర్చుకున్నది ఊళ్ళోని ఒక యూత్ క్లబ్బులో. ఇది చదివినప్పుడు మా పాత గోడ గుర్తొచ్చింది. అవతల మోగింది ఆ ఊరి సొంత సంగీతమని, తలుపు కొట్టినరోజు నాకు తెలియదు.

మన తబలా కూడా ఇందులో ఉంది. లండన్‌లో బ్లూ నోట్ అనే క్లబ్బు ఉండేది. ఆదివారం రాత్రి అక్కడ గోల్డీ వాళ్ళ మెటల్‌హెడ్జ్ బృందం. సోమవారం రాత్రి ‘అనోఖా’ పేరుతో తల్విన్ సింగ్. తబలాని ఈ డ్రమ్స్‌తో కలిపిన అతని ‘ఓకే’ ఆల్బమ్‌కి 1999లో అదే మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది.

ఇక అక్కణ్ణుంచి ప్రతి కొన్నేళ్ళకీ ఇదే కథ. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి వచ్చిన పెండ్యులమ్ బృందం 2005లో తెచ్చిన ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకున్న అభిమానులే, 2008లో వాళ్ళు గిటార్లు పట్టుకుని రాక్ వైపు తిరిగేసరికి మోసం అన్నారు. ఆ ఆల్బమ్ రెండో స్థానానికి వెళ్ళింది. 2012 ఫిబ్రవరిలో డీజే ఫ్రెష్, రీటా ఓరా చేసిన ‘హాట్ రైట్ నౌ’ బ్రిటన్‌లో నంబర్ వన్ అయిన మొట్టమొదటి డ్రమ్ అండ్ బేస్ పాట. ఇది పాప్ పాటే, మా సంగీతం కాదు అన్నారు పాతవాళ్ళు. 2024లో చేజ్ అండ్ స్టేటస్‌కి బ్రిట్ అవార్డుల్లో ప్రొడ్యూసర్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. ఇప్పుడూ అదే సణుగుడు. 2012లో పాప్ పాట ద్వారా లోపలికి వచ్చిన కుర్రాడే, ఈ రోజు కొత్తగా వచ్చేవాళ్ళని చూసి మొహం ముడుచుకుంటున్నాడేమో!

ఇదంతా పోగేసుకుని ఒక ఆదివారం వాడి దగ్గరికి వెళ్ళాను. వాదనకి సిద్ధపడే వెళ్ళానని ఒప్పుకోవాలి. ‘నువ్వు మాత్రం ఎలా వచ్చావురా? కార్ల ఆటలోంచేగా? ఆ కంపెనీ తన పాటల్ని ఆటకి ఇవ్వకపోతే నీకు ఇవి తెలిసేవా?’ అన్నాను. మాట్లాడలేదు. గెలిచాననుకున్నాను.

అప్పుడే పక్కన పేపరు చదువుతున్న మా వారు అందుకున్నారు. ‘వాడు చెప్పేది నిజమే. మా కాలేజీ దగ్గర బండి మీద పునుగులు వేసే ఆయన ఇప్పుడు ఏసీ హోటల్ పెట్టాడు. ఆ రుచి పోయింది.’ ‘అయితే ఆయన జన్మంతా ఎండలో నిలబడే వెయ్యాలా మీ పునుగులు?’ అన్నాను. ఆయన పేపరు తిప్పారు. మా వాడు మాత్రం నవ్వాడు. ఉగాది తర్వాత నా ముందు నవ్వడం అదే మొదటిసారి.

ఆ నవ్వుతోనే ఒక కథ చెప్పాడు. నేను చదివినదాంట్లో అది లేదు. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందం ఒక రికార్డు తెచ్చింది. ముందు వైపు పాట ‘కలర్ హిమ్ ఫాదర్’, తనని కన్నబిడ్డలా చూసుకున్న మారుతండ్రి గురించి ఒక పిల్లాడు పాడే పాట. దానికి గ్రామీ కూడా వచ్చింది. వెనక వైపు పాట ‘ఆమెన్, బ్రదర్’. అందులో మధ్యలో అందరూ ఆగిపోతే గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ ఒక్కడే సుమారు ఏడు సెకన్లు వాయిస్తాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఏడు సెకన్లని తీసుకుని, వేగం పెంచి, ముక్కలు చేసి, తిరగేసి, మళ్ళీ పేర్చి జంగిల్ కట్టారు. వేల పాటల్లో అవే ఏడు సెకన్లు. కోల్‌మన్‌కి వాటి మీద పైసా రాలేదు. ఉండడానికి ఇల్లు కూడా లేని స్థితిలో 2006లో చనిపోయాడు. 2015లో ఈ సంగీతాన్ని ప్రేమించినవాళ్ళు చందాలు వేసుకుని, ఆ బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి 24,000 పౌండ్లు అందించారు.

‘వాళ్ళకి డబ్బు రావాలమ్మా. రావొద్దని నేను ఎప్పుడన్నాను?’ అన్నాడు. ‘మరి నీ కోపం ఎందుకు?’ అంటే కాసేపు ఆలోచించాడు. ‘నేనూ ఆటలోంచే వచ్చాను, కరెక్టే. కానీ వచ్చాక ఉండిపోయాను. గోల్డీ ఎవరు, కోల్‌మన్ ఎవరు అని తెలుసుకున్నాను. రీల్స్ చూసేవాళ్ళు లోపలికి రారమ్మా. పదిహేను సెకన్లు విని వెళ్ళిపోతారు.’

పదిహేను సెకన్లు. ఉగాది రోజు నేను కత్తిరించి ఇచ్చిందీ అంతే. వాడు అన్నది నన్ను కాదు, కానీ తగలాల్సిన చోటే తగిలింది.

అప్పుడు అర్థమైంది. వాడి పాట బయటికి వెళ్ళడం పెద్ద విషయం కాదు. పాటలు వెళ్ళాలి, చేసినవాళ్ళు బతకాలి. కానీ వాడు నా మీద నమ్మకంతో ఒక తలుపు తెరిచాడు. నేను లోపలికి వెళ్ళి కూర్చోవాల్సింది పోయి, చేతికందింది పట్టుకుని బయట పదిమందికి చూపించాను. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. వాడికి ఈ పాటలంటే ఇష్టమని తెలిసిన వారానికే డీజే కోర్సు ఫీజు ఎంతో కనుక్కున్నాను. వాడు అడగలేదు. మనకి అదొక అలవాటైపోయింది. పిల్లాడు బొమ్మ వేస్తే డ్రాయింగ్ క్లాసు, రెండు అడుగులు పరుగెత్తితే అకాడమీ, ఏది మొదలుపెట్టినా చివర ఒక సర్టిఫికెట్, దాని ఫోటో, వాట్సాప్ స్టేటస్. అంతా ప్రేమతోనే చేస్తాం. కానీ ఇలా ఒక్కొక్కటీ అందరిదీ అయిపోతుంటే, వాళ్ళకి తమదంటూ మిగిలేది ఏమిటి? దినమంతా మార్కులు వేయించుకునే పిల్లలకి, ఎవరూ మార్కులు వేయని అరగంట ఒకటి ఉండాలి కదా.

‘నీకు మాత్రమే అన్నావు. నేను విన్లేదు. తప్పు నాదేరా’ అన్నాను. ‘సర్లేమ్మా’ అన్నాడు. పదిహేనేళ్ళ వాళ్ళు ఇంతకంటే ఎక్కువ అనరు.

ఈ వ్యాసం పంపే ముందు వాడికి చూపించాను. రెండు చోట్ల తప్పులు దిద్దాడు, ఆ పాట పేరు ఉన్న చోట కొట్టేశాడు. ‘మిగతావి అందరికీ తెలిసినవే, రాసుకో. ఇది మాత్రం వద్దు. కావాల్సినవాళ్ళు వెతుక్కుంటూ వస్తార్లే’ అన్నాడు.

వాడు ఈ మధ్య సెలవు రోజుల్లో పాత లాప్‌టాప్ మీద, డబ్బు కట్టక్కర్లేని ఒక సాఫ్ట్‌వేర్‌తో, తానే ఏదో చేస్తున్నాడు. ఏమిటని అడిగాను. ‘ఇంకా అవలేదు. అయితే ముందు చెల్లికి వినిపిస్తా. తర్వాత నీకు. స్టేటస్ పెట్టకూడదు.’ సరేనన్నాను.

నిన్న ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఉంటే వాడి గది గోడ మొదలుపెట్టింది. దుమ్ దుమ్. అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. బ్రిస్టల్ వెళ్ళొచ్చిన ఆ పాత స్టీలు గ్లాసులే.

ఈసారి వెళ్ళి తలుపు కొట్టలేదు.

— పదో తరగతి విద్యార్థి తల్లి, హైదరాబాద్